ఐసులో ఉప్పు కలిపినా −8 దగ్గరే ఆగిపోతోంది, ఎందుకు?

ప్రశ్న:
థర్మోకోల్ డబ్బాలో కిలో ఐసు, అర లీటరు కుళాయి నీళ్ళు, 100 గ్రాముల ఉప్పు వేసి కలిపితే −8 డిగ్రీల దగ్గర ఆగిపోతోంది. పుస్తకంలో −21 అని ఉంది. ఐసు ఇంకా చాలానే మిగిలి ఉంది. ఉప్పు పెంచాలా, ఐసు పెంచాలా?

జవాబు 1:
ముందు ఆ నీళ్ళు మానేయండి. −21.1 వచ్చేది ద్రావణం బరువులో 23.3 శాతం ఉప్పు ఉన్నప్పుడే, అంటే 100 గ్రాముల నీటికి సుమారు 30 గ్రాములు. మీ దగ్గర జరిగింది చూడండి. కుళాయి నీళ్ళు 25 డిగ్రీలనుకుంటే, ఆ అర లీటరును −8కి దించడానికే దాదాపు 69 కిలోజౌల్స్ లాగేయాలి. ఐసు కరగడానికి గ్రాముకు 334 జౌల్స్ తీసుకుంటుంది. ఆ లెక్కన 200 గ్రాములకు పైగా ఐసు ఆ నీళ్ళకే ఖర్చయింది, పైగా కరిగి తనూ నీళ్ళయింది. 100 గ్రాముల ఉప్పు ఇప్పుడు 700 గ్రాములు దాటిన నీటిలో ఉంది, సుమారు 12 శాతం. ఆ ఉప్పునీరు గడ్డకట్టేదే −8 దగ్గర. థర్మామీటరు తప్పేమీ లేదు.

జవాబు 2:
పై లెక్క సరే, చేసే పద్ధతి ఇది. ఐసును బఠానీ గింజంత ముక్కలుగా కొట్టండి. పెద్ద ముక్కలైతే ఉప్పు అడుగుకు జారి కూర్చుంటుంది. కిలో ఐసుకు 330 గ్రాముల ఉప్పు, ఒక పొర ఐసు, ఒక పొర ఉప్పుగా వేసి, కింది నుంచి పైకి తిరగేస్తూ కలపండి. మెత్తటి ఉప్పు తొందరగా పనిచేస్తుంది, కళ్ళుప్పు నిదానం. ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన ఐసు పొడిగా ఉంటే ఉప్పు అంటుకోదు. రెండు మూడు చెంచాల చల్లటి నీళ్ళు చిలకరిస్తే చాలు.

ఇంకోటి, మామూలు ల్యాబ్ థర్మామీటర్లలో చాలావాటికి −10 కింద గీతలే ఉండవు. ముందు అది చూసుకోండి.

జవాబు 3:
ఉప్పులోంచి చల్లదనం రాదు. నీటిలో ఉప్పు కరిగితే ఆ నీరు మళ్ళీ ఐసుగా మారడం తగ్గుతుంది, ఐసు కరగడం మాత్రం ఆగదు. కరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న ఉప్పునీటి నుంచి, మిగతా ఐసు నుంచి లాక్కుంటుంది కాబట్టి మొత్తం సున్నా కిందికి దిగుతుంది. అందుకే ఉత్త చల్లటి నీళ్ళలో ఉప్పు కలిపితే ఇంత చలి పుట్టదు. 23.3 శాతం దాటాక పోసిన ఉప్పు కరగకుండా అడుగున మిగులుతుంది, అంతే.

ఈ మిశ్రమాన్ని చేత్తో కలపకండి. ఐసు ముట్టుకుంటే ఏమవుతుందిలే అనుకుంటారు గానీ, −15 ఉప్పునీరు నిమిషాల్లోనే చర్మాన్ని గడ్డకట్టించి పాడుచేస్తుంది. నీళ్ళు నిండా ఉన్న గాజు గొట్టం ముంచితే అది పగలొచ్చు. మూడో వంతు ఖాళీ వదలండి.

ప్రశ్న అడిగినవారు:
ఉప్పుకు బదులు చక్కెర వాడితే?

జవాబు 3:
గడ్డకట్టే ఉష్ణోగ్రత ఎంత తగ్గుతుందన్నది ఎన్ని కణాలు కలిశాయన్న దానిమీద ఉంటుంది. కిలో నీటికి ఒక మోల్ (డజను లాగే కణాలను లెక్కపెట్టే కొలత) కణాలైతే 1.86 డిగ్రీలు. ఒక మోల్ చక్కెర 342 గ్రాములు. ఉప్పు 58.5 గ్రాములే, పైగా సోడియం, క్లోరైడ్‌గా విడిపోయి కణాలు రెట్టింపవుతాయి. లెక్క ప్రకారం 3.7 డిగ్రీలు తగ్గాలి, నిజంగా 3.4 దగ్గర వస్తుంది. చక్కెరతో అంత తగ్గించాలంటే అర కిలోకు పైనే పోయాలి. −21 కంటే కిందికి వెళ్ళాలంటే కాల్షియం క్లోరైడ్ వాడండి. స్ఫటికాల్లోనే నీరు కలిసి ఉన్న రకం (హైడ్రేట్) తీసుకోండి. నీరు లేని రకం కరిగేటప్పుడు వేడి వదిలి ఐసును వృథాగా కరిగిస్తుంది.