యాప్ ద్వారా కారు అద్దెకివ్వడం ‘షేరింగ్’ కిందికి వస్తుందా?

మియాపూర్ వాసి (ప్రశ్న):
నా కారు వారంలో చాలా రోజులు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే పడి ఉంటుంది. దానిని గంటల లెక్కన ఇతరులకు ఇవ్వవచ్చనీ, ఇది వ్యాపారం కాదనీ, ఉన్నదానిని నలుగురితో పంచుకోవడమేననీ ఒక యాప్ వారు చెబుతున్నారు. ధర వారే నిర్ణయిస్తారు, కమిషన్ మినహాయించుకుంటారు, కారు తీసుకువెళ్లే మనిషి ముఖం కూడా నేను చూడనక్కరలేదు. ఆఫీసుకు వెళ్తూ ఇద్దరు సహోద్యోగులను ఎక్కించుకుని పెట్రోలు ఖర్చు పంచుకోవడాన్నీ, దీనినీ ఒకే గాటన కట్టవచ్చా?

కార్‌పూల్ అభిమాని:
కట్టకూడదనే నా అభిప్రాయం. మీరు ఎలాగూ వెళ్తున్న దారిలో ఖాళీ సీటు ఇచ్చి ఖర్చు పంచుకుంటే అది షేరింగ్. పరాయివారి అవసరానికే బండి కదిలి, ఖర్చు పోను మీకు రాబడి మిగిలితే అది అద్దె. 2006లో ఫ్రాన్స్‌లో మొదలైన బ్లాబ్లాకార్ అనే కార్‌పూల్ వేదిక, ప్రయాణం మీద డ్రైవరుకు లాభం మిగలకుండా సీటు ధరకు పరిమితి పెట్టింది. మన కేంద్ర రవాణా శాఖ 2020లో అగ్రిగేటర్లకు, అంటే బండ్లనూ ప్రయాణికులనూ కలిపే యాప్ సంస్థలకు, ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, సొంత కార్లలో ప్రయాణికులను ఎక్కించుకోవడాన్ని నగరంలో రోజుకు నాలుగు ట్రిప్పులకు, ఊళ్ల మధ్య వారానికి రెండు ట్రిప్పులకు పరిమితం చేశాయి. ఇళ్ల విషయంలో న్యూయార్క్ నగరం ఇంకా సూటిగా వ్యవహరించింది. తామున్న ఫ్లాట్‌లోనే గాలి పరుపులు వేసి అతిథులను ఉంచుకున్న ఇద్దరు మిత్రులతో మొదలైన ఎయిర్‌బీఎన్‌బీ, క్రమంగా ఎవరూ కాపురముండని ఫ్లాట్లను వరుసగా అద్దెకిచ్చేవారికీ వేదికైంది. దాంతో 30 రోజుల లోపు బసకైతే ఇంటివారు కూడా అక్కడే ఉండాలనీ, అతిథులు ఇద్దరికి మించరాదనీ చెప్పే నిబంధనలను 2023 సెప్టెంబరు నుంచి నగరం గట్టిగా అమలు చేస్తోంది. ఇంటివారు ఇంట్లో ఉండటమనే ఆ ఒక్క షరతు, నా దృష్టిలో, ఎన్నో నిర్వచనాల కంటే మేలు.

బీమా ఉద్యోగి:
దానిని ఏమని పిలిచినా, ముందు మీ పాలసీ పత్రం తీసి ‘వాడకంపై పరిమితులు’ అనే భాగం చదవండి. ప్రైవేటు కారు పాలసీలో, బండిని అద్దెకు తిప్పితే రక్షణ వర్తించదని మామూలుగా అక్కడే రాసి ఉంటుంది. పైగా సెల్ఫ్ డ్రైవ్ అద్దె కార్లకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి, మీది తెల్ల ప్లేటు అయి ఉంటుంది. 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ పథకం ప్రకారం లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లు ఉండాలి. ఒక్క కారున్న మీరు ఏ లైసెన్సు నీడన దానిని అద్దెకిస్తున్నట్టు లెక్క అన్నది యాప్ వారిని రాతపూర్వకంగా అడగండి.

బోస్టన్ తెలుగువాడు:
డబ్బు చేతులు మారినంత మాత్రాన అది పంచుకోవడం కాకుండా పోతుందనడం నాకు సమ్మతం కాదు. మా ఊళ్లో ట్రాక్టరున్న రైతు ఎకరాకు ఇంత అని తీసుకునే పక్కవారి చేను దున్నిపెట్టేవాడు, దానిని ఎవరూ దోపిడీ అనలేదు. అయితే అక్కడ ధర ఇద్దరూ మాట్లాడుకుని కుదుర్చుకునేవారు, కరవు ఏడాది బాకీ వచ్చే పంటకు వాయిదా పడేది. యాప్‌లో ఆ వెసులుబాటు ఉండదు. ఇక్కడికి దగ్గరలోని కేంబ్రిడ్జ్‌లో 2000లో మొదలైన జిప్‌కార్‌ను కార్ షేరింగ్ అనే అంటారు గానీ, ఆ కార్లు కంపెనీవి, వాడేవారు ఒకరికొకరు తెలియదు. 2013లో దానిని కొన్నది కూడా ఏవిస్ అనే పాత అద్దె కార్ల సంస్థే. సొంత కారు కొనే అవసరం తప్పించినందుకు నేను దానిని మెచ్చుకుంటాను. కానీ అది చక్కని అద్దె సేవ, అంతే.

మియాపూర్ వాసి:
పాలసీలో ఆ షరతు ఉన్న మాట నిజమే. లైసెన్సు గురించీ, ప్రమాదం జరిగితే మూడో వ్యక్తికి పరిహారం ఎవరు చెల్లిస్తారన్న దాని గురించీ యాప్ వారికి మెయిల్ పెట్టాను. స్పష్టమైన జవాబు వచ్చేదాకా కారు ఇవ్వను. సహోద్యోగులతో మాత్రం పెట్రోలు, టోల్ ఖర్చులు పంచుకుంటూనే ఉంటాను.