వర్టిగో: రెండు డిస్కుల్లో రెండు బూడిద రంగులు, ఏది నమ్మాలి?

హిచ్‌కాక్ ‘వర్టిగో’ (1958) నా దగ్గర రెండు డిస్కుల్లో ఉంది. మ్యూజియం సీన్‌లో హీరోయిన్ కిమ్ నోవాక్ వేసుకున్న బూడిద రంగు సూటు ఒకదాంట్లో కొంచెం గోధుమ రంగులోకి, రెండోదాంట్లో నీలంలోకి పోతోంది. ఆ పాత్రకి ఆ సూటే ప్రాణం, అందుకే వదిలేయలేకపోతున్నాను.

టీవీని సినిమా మోడ్‌లో, వైట్ (తెలుపు ఎంత పసుపుగా లేదా నీలంగా కనిపించాలో చెప్పే సెట్టింగ్) 6500 కెల్విన్‌కి, గామా (మధ్యస్థపు వెలుగుల ముదురు, లేతలని నిర్ణయించేది) 2.4కి పెట్టాను. సీన్‌ని బట్టి టీవీ తనంతట తానే వెలుగునీడల్ని మార్చే డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేశాను, గదిలో లైట్లు తీసేశాను. అయినా తేడా అలాగే ఉంది. ఒకే ఫ్రేమ్‌ని రెండు డిస్కుల నుంచీ తీసి, సూటు మీద ఒకే చోట (0 నుంచి 255 దాకా ఉండే స్కేలు మీద) కొలిస్తే మొదటిదాంట్లో ఎరుపు 118, ఆకుపచ్చ 112, నీలం 103 వచ్చాయి; రెండోదాంట్లో 105, 110, 117. స్మశానం సీన్‌ని లెక్కలోకి తీసుకోలేదు, అక్కడ మంచు పట్టినట్టు మసకగా కనిపించడానికి లెన్స్‌కి ఫాగ్ ఫిల్టర్ వాడారు. హోటల్ గదిలో ఆకుపచ్చ నియాన్ వెలుగు కావాలని పెట్టిందే, అదీ పనికిరాదు.

ముఖాల రంగు చూద్దామంటే మేకప్ అడ్డం. పైగా అప్పటి థియేటర్లలో ప్రొజెక్టర్‌లో వాడే కార్బన్ ఆర్క్ దీపం వెలుగు 6500 కెల్విన్ తెలుపు కన్నా కాస్త పసుపుగా ఉండేది. అంటే గోధుమ ఛాయే నిజానికి దగ్గరేమో అనిపిస్తోంది, కానీ ఆ సూటు బట్ట అసలు రంగు తెలియకుండా ఎలా తేల్చుకోను?

అప్పట్లో థియేటర్లలో వేసిన పాత టెక్నికలర్ (అప్పటి రంగుల ముద్రణ పద్ధతి) ఫిల్మ్ ప్రింట్ చూసే అవకాశం లేనప్పుడు, ఈ సినిమాలో రంగు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఏ షాట్‌లో ఏ వస్తువుని కొలబద్దగా పెట్టుకోవాలి?