ఇంగ్లండ్ స్టాంప్ డ్యూటీని శ్లాబుల వారీగా ఒకే క్వెరీలో లెక్కించడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఇళ్ల కొనుగోలుపై స్టాంప్ డ్యూటీని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో లెక్కించాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి తొలి 1,25,000 పౌండ్లకు పన్ను లేదు. ఆపైన 2,50,000 వరకు 2 శాతం, 9,25,000 వరకు 5, 15 లక్షల వరకు 10, అది దాటితే 12. ఏ రేటైనా ఆ శ్లాబులో పడే మొత్తానికే వర్తిస్తుంది. ఉదాహరణకు 3,00,000 పౌండ్ల ఇంటికి 5,000 రావాలి.

క్వెరీలోనే షరతులు రాసే కేస్ (CASE)తో రాస్తే లెక్క సరిపోతోంది, కానీ రేట్లు మారినప్పుడల్లా కోడ్ తిరగరాయడం నాకు అస్సలు ఇష్టం లేదు. 2025 మార్చి 31 వరకు పూర్తయిన కొనుగోళ్లకైతే 2,50,000 దాకా సున్నాయే! అందుకే కింది పరిమితి, పై పరిమితి, రేటు, అమలు తేదీలను వేరే టేబుల్‌లో పెట్టాను.

కొనుగోలు తేదీని బట్టి శ్లాబులను జాయిన్ చేసి పన్ను కూడటం ఎలా? పై పరిమితి లేని చివరి శ్లాబులో నల్ (NULL, అంటే ఖాళీ విలువ) ఉంచవచ్చా? దయచేసి నమూనా క్వెరీ చూపించండి.