తుంగభద్ర క్యాంపుల్లో పెరిగిన ఆడవాళ్లు మీ ఇంట్లో ఉన్నారా?

మా అమ్మ చిన్నతనం కర్ణాటకలోని సింధనూరు దగ్గర ఒక క్యాంపులో గడిచింది. వలస వెళ్లిన తెలుగు రైతుల ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. 1953లో తుంగభద్ర డ్యామ్ పూర్తయ్యాక కోస్తా జిల్లాల రైతులు చాలామంది ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని వెళ్లారు కదా, తాతయ్య వాళ్లూ అలాగే వెళ్లారు. కంప కొట్టి, నల్లరేగడిలో మడులు కట్టి వరి పండించేదాకా పూరిపాకలోనే కాపురమట.

అమ్మ చెప్పేవన్నీ రాస్తున్నాను. ఎకరాల లెక్కలు మగవాళ్లు బాగానే చెప్తారు. ఆడపిల్లలకు రోజు ఎలా గడిచేదో మాత్రం ఎవరూ చెప్పరు, నాకు కావలసింది అదే. గంగావతి, సింధనూరు, మాన్వి వైపు 1960ల్లో పెరిగినవాళ్లు మీ ఇంట్లో ఉంటే దయచేసి అడిగి చెప్తారా? తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు? కన్నడ బడికి పంపారా? తెలుగు చదవడం ఎవరు నేర్పారు? అమ్మకు మతిమరుపు మొదలైంది, అందుకే ఈ తొందర.