మంత్రిని మందలిచ్చుడు అంటే తిట్టుడా, అర్సుకొనుడా?

ఓరుగల్లు పిలగాడు:
ఒక మాట మీద మా ఇంట్ల లొల్లి అయింది, తీర్పు కోసం గ్రూపుల పెడుతున్న. పొద్దుగాల చాయ్ తాగుకుంట పేపర్ చదువుతున్న. ప్రశ్నోత్తరాల సమయంల ఒక సభ్యుడు మంత్రిని మందలించిండని రాసిన్రు. పైకి చదివిన. మా నాయినమ్మ బియ్యంల రాళ్లు ఏరుడు ఆపి, "అయ్యో, ఏమైందిరా ఆయనకు? ఎంజీఎం దవాఖానల వడ్డడా?" అన్నది. నేను నవ్విన. నవ్వినందుకు నన్ను పేపరోళ్ల అర్థంల మందలిచ్చింది!

మా దిక్కు మందలిచ్చుడంటే పలకరిచ్చుడు, పాణం బాలేనోళ్లను పోయి అర్సుకొనుడు. "ఏం మందల?" అంటే ఏం ముచ్చట అని. మరి పేపర్ల మందలించుడంటే తిట్టుడెట్లయింది? ఇంకోటి, సభల జరిగేదానికి అసలు ఏ అర్థం సరిపోతది?

(అడ్మిన్ సార్, సభ్యుడి పేరు, పార్టీ పేరు రాయలే. రాయ కూడా రాయ.)

గుంటూరు కోడలు:
నేను పెళ్లయి హనుమకొండ వచ్చిన కొత్తలో మా అత్తగారు "పక్కింటామెకు జరమొచ్చిందట, పోయి మందలిచ్చి రా" అన్నారు. జ్వరమొస్తే మందలించడమేంటి పాపం అనుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయాను. ఈ కథ ఇక్కడ చాలామంది కోడళ్లు చెబుతారు, నాది మాత్రం నిజంగా జరిగింది. మా వైపు మందలించడం అంటే మెత్తగా తిట్టడమే. అదీ పెద్దవాళ్లు చిన్నవాళ్లను, మేష్టారు పిల్లవాణ్ణి, పైనుంచి కిందికి. పిల్లవాడు మేష్టారిని మందలించాడని ఎవరూ అనరు. అందుకే ఎమ్మెల్యే మంత్రిని మందలించాడంటే నాకు కొంచెం వింతగానే ఉంది, పైవాడు ఎవరు అక్కడ?

నెల్లూరోడు:
"ఏం మందల" మాదీనబ్బా. మీరొక్కళ్లే పట్టాదారులు అనుకోబాకండి.

కాజీపేట జంక్షన్:
నెల్లూరన్నకు దండం. పేపరోళ్లకు "నిలదీశారు" తప్ప ఇంకో క్రియ దొరుకుతలేదు, ఇయ్యాల మందలించుడన్న దొరికింది, సంతోషం. మా కాజీపేటల "నిలేసి అడిగిండు" అంటం. "గల్ల వట్టి అడిగిండు" అంటే అంతకు మీది మెట్టు. సభల జరగాల్సింది నిలేసుడే అని నా లెక్క. పలకరిచ్చుడుకైతే మంత్రి ఇంటికి పోవచ్చు, సభకెందుకు?

ఓరుగల్లు పిలగాడు:
కాజీపేటన్నా, నిలేసుడు మంచిగనే దొరికింది గని, ఎవరు నిలబడుతరు అక్కడ?

కాజీపేట జంక్షన్:
మంత్రే నిలబడుతడు. అందుకే కదా ఆ మాట. కాకపోతే అన్ని ప్రశ్నలకు కాదు. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితోని జవాబు చెప్పాలె, దాని మీద అనుబంధ ప్రశ్నలు ఎదుర్కోవాలె. నక్షత్రం లేనిదానికి కాయితం మీద జవాబు, లేచే పని లేదు. లోక్‌సభల రోజుకు నక్షత్రమున్నవి 20, లేనివి 230. అంటే అక్షరాలా నిలేసేది ఆ ఇరవైలనే. అండ్ల గూడ గంటల ఎన్ని తేలుతయో టీవీల చూస్తనే ఉన్నం.

గుంటూరు కోడలు:
నక్షత్రం బదులు అచ్చ తెలుగులో "చుక్క ప్రశ్న" అంటే ఎంత బాగుండేది!

కాజీపేట జంక్షన్:
అక్కా, మా దగ్గర చుక్క అంటే వేరే అర్థముంది. చుక్క ప్రశ్న అంటే సాయంత్రం ఏడు దాటినంక అడిగేది.

అడ్మిన్:
దారి తప్పకండి. మాట మీదికి రండి.

రిటైరైన ఎల్ఏక్యూ:
నమస్తే. నేను ఈ గ్రూపుల చదువుడే గాని రాసుడు తక్కువ. ఈ ముచ్చట నా కడుపుల పడ్డది కాబట్టి రాస్తున్న. ముప్పై ఏండ్ల నౌకరీల సగం ఒక జిల్లా ఆఫీసుల ఎల్ఏక్యూల ఫైలే చూసిన. శాఖ పేరెందుకు లెండి. లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్ అన్నదాన్ని ఆఫీసుల ఎవరూ పూర్తిగ అనరు, "ఎల్ఏక్యూ వచ్చింది" అంటరు. ఆ మూడు అక్షరాలు వినవడితే క్యాంటీన్లున్నోడు గూడ సీటు మీదికి వస్తడు. పొద్దుగూకేలోపల మండలాల నుంచి లెక్కలు తెప్పియ్యాలె, జిల్లాల కూడబెట్టాలె, హైదరాబాదుకు పంపాలె. మంత్రి సభల చదివేది రెండు వాక్యాలు. దాని కింద మేం రాసే "సప్లిమెంటరీ నోటు" ఇరవై పేజీలు. ఆ నోటు దేనికంటే, సభ్యుడు తిప్పి తిప్పి ఏమడుగుతడో ముందే ఊహించి జవాబులు సిద్ధం చేసుడు.

ఇగ మాట ముచ్చట. నేను చూసిన ప్రశ్నలు రెండు తీర్లు. ఒకటి, "నిజమేనా" ప్రశ్న. ఊరికే ఉదాహరణకు చెప్తున్న. "(ఎ) పాకాల చెరువు కింద కాలువలన్నీ పూడిపోయిన మాట నిజమేనా? (బి) అయితే, కారణాలేమిటి?" అని వచ్చిందనుకోండి. "అన్నీ" అన్న మాట చూసి మా సూపర్నెంటు నవ్వుకునేటోడు. ఒక్క కాలువ బాగున్నా (ఎ)కు జవాబు "లేదండి". అది అబద్ధం కాదు. ఇగ (బి)కి జవాబు "ప్రశ్న ఉత్పన్నం కాదు". రెండు ముక్కలల్ల పని ఒడిసె. రైతుకు నీళ్లు రాని మందల మాత్రం ఆడ్నే ఉంటది.

రెండోది, "ఎన్ని, ఎప్పుడు, ఎంత" ప్రశ్న. ఏ కాలువ, ఎన్ని కిలోమీటర్లు, కడాఖరుకు పూడిక ఏ సంవత్సరంల తీసిన్రు, ఎంత ఖర్చయింది. దీనికి "లేదండి" అనరాదు. ఇసొంటిది వస్తే మా ఆఫీసుల ఫ్యాన్ కింద గూడ చెమటలు. ఎందుకంటే లెక్క తప్పు రాస్తే రేపు సభను తప్పుదోవ పట్టిచ్చిన్రని సభా హక్కుల నోటీసు వస్తది, మంత్రి మెడకు చుట్టుకున్నది మా మెడకు దిగుతది.

ఇప్పుడు ఆ పిలగాని నాయినమ్మను తలుసుకోండి. మన ఆడోళ్లు రోగిని మందలిచ్చేటప్పుడు "బాగున్నవా?" అని అడిగి లేస్తరా? "రాత్రి ఎన్ని మెతుకులు తిన్నవ్? నిద్ర వట్టిందా? ఏ డాక్టరుకు చూపిచ్చిన్రు? ఏం గోలీలిచ్చిండు, ఏవి, చూపియ్యి" అని అడుగుతరు. బాగున్న అనేటోణ్ని గూడ అయిదు నిమిషాలల్ల అసలు ముచ్చట కక్కిస్తరు. గట్టిగ అరిసి తిట్టిన సభ్యుల కన్న, ఇట్ల మెల్లగ మందలిచ్చినోళ్లకే మేం ఎక్కువ భయపడ్డం.

కాజీపేట జంక్షన్:
సార్, మీరు చెప్పినంక నా "నిలేసుడు" జర పలుచవడ్డది.

ఇంకో చిన్న ముచ్చట కలుపుత. 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్ల, తెలంగాణల రైల్వే కోచ్ ఫ్యాక్టరీ పెట్టుడు గురించి ఆరు నెలలల్ల రైల్వే "పరిశీలించాలి" అని ఉన్నది. "పెట్టాలి" అని లేదు. మా ఊరోళ్లు ఏండ్ల తరబడి "ఎప్పుడు పెడుతరు" అనే అడిగిన్రు. ఆ ఒక్క క్రియ సందుల నుంచి ఎన్ని జవాబులు జారిపోవచ్చో మీరే ఊహించుకోండి. చివరికి 2023 జులైల కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన అయింది, అది వేరే సంగతి. చట్టంల గాని జవాబుల గాని "పరిశీలన" కనవడితే మాత్రం నాకు పాత జరం మళ్లొచ్చినట్టయితది.

గుంటూరు కోడలు:
బాబాయిగారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నా సందేహం ఇంకా ఉంది. తిట్టడం తప్పయితే సభలో అంత అరుపులెందుకు?

తెలుగు పండితుడు (రిటైర్డ్, జగిత్యాల):
అమ్మా, అరుపులు సభ్యుల స్వభావం, ప్రశ్న స్వభావం కాదు. లోక్‌సభ నియమావళిలో 41వ నియమం చూడండి. ప్రశ్నలో ఊహాగానాలు, వ్యంగ్యం, ఆరోపణలు, విశేషణాలు, పరువు తీసే మాటలు ఉండరాదు. మామూలుగా 150 మాటలు దాటరాదు. అభిప్రాయం అడగరాదు, సమాచారం అడగాలి. అంటే తిట్టడాన్ని నియమమే కత్తిరించి పారేసింది. మిగిలింది అచ్చం తెలంగాణ మందలిచ్చుడే. తిట్లకు తర్వాతి గంట ఉంది, దాన్ని జీరో అవర్ అంటారు. అదీ నియమావళిలో లేదు, అలవాటుగా వచ్చింది.

"ఎవరు పైవాడు" అని మీరు అడిగింది అసలైన ప్రశ్న. రాజ్యాంగం 164(2) అధికరణం ప్రకారం మంత్రిమండలి మొత్తం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. ఆ లెక్కన పీట సభదే. కానీ సభలోని ఒక్క సభ్యుడిది కాదు. అతడు పక్కింటివాడి లాంటివాడు, వచ్చి అర్సుకోవచ్చు.

మరొకటి. ఒక్కసారి అడిగి ఊరుకుంటే అది మందలిచ్చుడు కాదు, పెళ్లిపత్రిక ఇచ్చిపోవడం. బ్రిటిష్ ఇలాఖాలో 1892 చట్టం సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు ఇచ్చింది, జవాబు మీద మళ్లా అడిగే హక్కు ఇవ్వలేదు. 1909లో, ప్రశ్న వేసినవాడికి మాత్రమే అనుబంధ ప్రశ్న దక్కింది. 1919 సంస్కరణలతో ఏ సభ్యుడైనా అందుకుని అడగొచ్చన్నారు. మనం అప్పుడు నిజాం రాజ్యంలో ఉన్నాం కాబట్టి ఇవేవీ మనకు తగలలేదు. అందరి ఓట్లతో హైదరాబాదు శాసనసభ ఏర్పడింది 1952లోనే. మన ప్రజాకవి కాళోజీ కూడా 1958 నుంచి 60 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో కూర్చున్నాడు. పలుకుబడుల భాష కావాలని జీవితమంతా కొట్లాడిన మనిషి. ఆయన పుట్టిన సెప్టెంబరు 9నే మనం తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, కానీ సభా పత్రాల్లో ఇంకా "ఉత్పన్నం కాదు" అనే రాసుకుంటున్నాం. "ఆ ముచ్చటే లేదు" అని రాస్తే కొంపలేం మునగవు.

ఓరుగల్లు పిలగాడు:
సార్, "జవాబుదారీ" గురించి గూడ జెర చెప్పరాదుండ్రి.

తెలుగు పండితుడు (రిటైర్డ్, జగిత్యాల):
జవాబు అరబ్బీ, దార్ ఫార్సీ, "తనం" మనది. జవాబుదారీతనం అంటే మూడు భాషలు ఒక బండెక్కినట్టు. జాగీర్దార్, పట్టాదార్, తహసీల్దార్ వరసలో వచ్చింది. ఫార్సీలో దార్ అంటే దగ్గర పెట్టుకున్నవాడు, పట్టుకున్నవాడు. ఉర్దూలో ఈ అర్థానికి "జవాబ్‌దెహ్" అంటారు. దెహ్ అంటే ఇచ్చేవాడు. వాళ్లు ఇచ్చేవాణ్ణి తీసుకున్నారు, మనం దగ్గర పెట్టుకున్నవాణ్ణి తీసుకున్నాం. ఇదంతా నా చమత్కారం అనుకున్నా సరే, శబ్దార్థం మాత్రం అదే.

కాజీపేట జంక్షన్:
జవాబు ఉన్నది గని ఇయ్యడు. మస్తు సెట్టయింది సార్.

నెల్లూరోడు:
ఇంత మందల ఉందా ఒక్క మాటలో!

రిటైరైన ఎల్ఏక్యూ:
పంతులుగారి మాటకు చిన్న సవరణ. జవాబు దగ్గర లేనిరోజులు గూడ ఉంటయి. అప్పుడు "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అని రాస్తం. అదేదో తప్పించుకున్నట్టు కనవడుతది గాని, పార్లమెంటుల అది హామీ కింద లెక్క. దాన్ని పట్టుకొని వెంబడివడేటందుకు హామీల కమిటీ అని ఒకటున్నది, లోక్‌సభల 1953 నుంచి ఉన్నది. మూడు నెలలల్ల నెరవేర్చాలె, లేకుంటే గడువు అడుక్కోవాలె.

ప్రశ్న గట్టిగ తగిలితే ఏమయితదో 1957–58 ముంద్రా వ్యవహారంల చూడొచ్చు. ఎల్ఐసీ సొమ్ము ముంద్రా అనే వ్యాపారి కంపెనీలల్ల ఎట్ల పోయిందని ఫిరోజ్ గాంధీ లోక్‌సభల లెక్కలతోని అడిగిండు. తనూ అధికార పక్షం సభ్యుడే. అడిగి అడిగి, విచారణ కమిషన్ దాకా పోయి, 1958 ఫిబ్రవరిల ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సొచ్చింది. సొంత ఇంటోడు అర్సుకొనుడు అంటే అది.

ఓరుగల్లు పిలగాడు:
ఇదంతా నాయినమ్మకు చదివి వినిపిచ్చిన. మంత్రికి ఏం కాలేదని నమ్మింది. "మరి నీకు అడిగే అవకాశం వస్తే ఏమడుగుతవే?" అన్న. రాళ్లేరుడు ఆపకుండనే అన్నది: "మా ఊరి బస్సు పొద్దున ఎన్నింటికి రావాలె, నిరుడు ఎన్ని దినాలు రాలే, రానినాడు ఎవలను అడగాలె?"

రిటైరైన ఎల్ఏక్యూ:
తమ్మీ, ఆమెకు నా దండాలు చెప్పు. ఒక్క "నిజమేనా" లేదు, ఒక్క తిట్టు లేదు. (ఎ), (బి), (సి) పెట్టుడే తరువాయి. "నిరుడు" అన్నకాడ సంవత్సరం ఎయ్యుమను, లేకుంటే మా సూపర్నెంటసొంటోడు దాన్నే పట్టుకుంటడు.

ఓరుగల్లు పిలగాడు:
చెప్పిన సార్. "సంవత్సరం వాళ్లకెరికలేదా?" అంటున్నది.