మారువేషంలో ఉన్న డ్రాగన్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలి?

ప్రశ్న: పాతగుహ

మేం ఆడేది పాత్రలు ధరించి పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఐదో ఎడిషన్, 2014 రూల్స్. కథంతా ఒక రేవు పట్నంలో నడుస్తుంది. అక్కడి గ్రంథాలయం చూసుకునే పెద్దావిడ నిజానికి అడల్ట్ సిల్వర్ డ్రాగన్. రేవులో చేపల బుట్టల చుట్టూ తిరిగే పిల్లి అడల్ట్ బ్రాంజ్ డ్రాగన్. రెండూ కలిసి చాటుగా పట్నాన్ని కాపాడుతుంటాయి. ఆటగాళ్ళ పాత్రల జట్టు, అంటే పార్టీలో ఐదుగురు, అందరూ ఏడో లెవెల్. డ్రాగన్‌బార్న్ పాలడిన్‌కీ, విజార్డ్‌కీ డ్రాగన్ల భాష డ్రాకోనిక్ వచ్చు. రేంజర్ దగ్గర జంతువులతో మాట్లాడించే స్పీక్ విత్ యానిమల్స్ మంత్రం ఉంది.

నా సందేహాలు ఇవి. డ్రూయిడ్ వైల్డ్ షేప్ శక్తితో జంతువుగా మారితే మాట పోతుంది కదా, పిల్లిగా ఉన్న డ్రాగన్‌కీ అంతేనా? డ్రాకోనిక్‌లో మాట్లాడిస్తే పార్టీలో ఇద్దరికి అర్థమైపోతుంది, మరి గుట్టుగా మాట్లాడుకునే దారేంటి? పక్క గదిలో ఉన్నవాళ్ళకి ఎంత దూరం వరకు వినిపించాలి? ఇంకోటి, ముఖపరిచయం లేని మూడో డ్రాగన్ ఊళ్ళోకి వస్తే వీళ్ళని ఎలా గుర్తుపడుతుంది?

జవాబు: ఇరవైముఖాలు

పిల్లి మాట్లాడుతుంది. డ్రాగన్ రూపం మార్చేది చేంజ్ షేప్ అనే సొంత శక్తితో. దానికీ వైల్డ్ షేప్‌కీ, ఒక జీవిని జంతువుగా మార్చే పాలీమార్ఫ్ మంత్రానికీ సంబంధం లేదు. మూడింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ గందరగోళం వస్తుంది.

చేంజ్ షేప్‌లో డ్రాగన్‌కి మిగిలేవి: అలైన్‌మెంట్, హిట్ పాయింట్లు (ప్రాణబలం), హిట్ డైస్, మాట్లాడే శక్తి, ప్రొఫిషెన్సీలు (నేర్చిన నైపుణ్యాలు), లెజెండరీ రెసిస్టెన్స్ (తట్టుకునే పాచిక తప్పినా నెగ్గినట్టు చేసే శక్తి), లెయిర్ యాక్షన్లు (సొంత గుహలో వాడే శక్తులు), ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిజ్మా. తిరిగి మారడానికి చేంజ్ షేప్ కూడా ఉంటుంది. ఈ జాబితాలో లేనిదంతా కొత్త రూపానిదే. అంటే అరవై అడుగుల బ్లైండ్‌సైట్ (కళ్ళతో పనిలేకుండా పసిగట్టడం), నూట ఇరవై అడుగుల డార్క్‌విజన్ (చీకట్లో చూపు), ఊపిరి దాడి, ఎదుటివాళ్ళని భయపెట్టే ఫ్రైట్‌ఫుల్ ప్రెజెన్స్, లెజెండరీ యాక్షన్లు అన్నీ పోతాయి. మీ పిల్లికి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె) 12 ఉంటుంది కానీ హిట్ పాయింట్లు మాత్రం 212. తోక తొక్కినవాడికి అనుమానం రావడానికి అదొక్కటి చాలు.

భాషల గురించి ఆ జాబితాలో విడిగా ఏమీ లేదు. అది పట్టుకుని పిల్లికి అందరూ మాట్లాడే కామన్ భాష రాదని వాదించేవాళ్ళు ఉన్నారు. తెలివీ, మాటా రెండూ మిగిలాయని రూలే చెబుతున్నప్పుడు భాషలు మాత్రం ఎగిరిపోయాయనడం అతుకుబొంత వాదన. కామన్, డ్రాకోనిక్ రెండూ వచ్చినట్టే నడపండి.

ఎవరైనా ఆ డ్రాగన్ మీద పాలీమార్ఫ్ వేసి, అది తట్టుకునే పాచిక (సేవ్) తప్పితే లెక్క పూర్తిగా వేరు. మాట పోతుంది, మంత్రాలు పోతాయి, తెలివి కూడా కొత్త జంతువుదే వస్తుంది, పిల్లికైతే ఇంటెలిజెన్స్ 3. మీ విలన్ ఆ జంట మధ్య మాట తెంచాలంటే అదే దారి. కాకపోతే ముందు రోజుకి మూడుసార్లు పనిచేసే లెజెండరీ రెసిస్టెన్స్‌ని కరిగించాలి.

ఇంకో మాట: ఐదు రకాల లోహ డ్రాగన్లలో కొన్నే అడల్ట్ కాగానే రూపం మార్చగలవు. గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అడల్ట్ దశ నుంచే మారతాయి. బ్రాస్, కాపర్ ఏన్షియంట్ (చివరి వయోదశ) అయ్యేదాకా ఆగాలి. మూడో డ్రాగన్‌ని తెచ్చేటప్పుడు ఇది చూసుకోండి.

జవాబు: గుసగుస

గుట్టు విషయానికొస్తే, డ్రాకోనిక్‌ని రహస్య భాష అనుకోవడమే పొరపాటు. కోబోల్డులు మాట్లాడతారు, డ్రాగన్‌బార్న్ మాట్లాడతారు, చదువుకున్న విజార్డులూ నేర్చుకుంటారు. నడివీధిలో పిల్లితో ఎవరైనా డ్రాకోనిక్‌లో మాట్లాడితే అర్థం కాకపోయినా పదిమంది తిరిగి చూస్తారు. తెలివైన డ్రాగన్ మామూలు కామన్‌లోనే, మామూలు మాటల్లోనే మాట్లాడుతుంది.

దొంగల రహస్య భాష థీవ్స్ కాంట్ రూల్‌ని అరువు తెచ్చుకోండి. అందులో ఒక సంగతిని దాచి చెప్పడానికి, సూటిగా చెప్పేదానికన్నా నాలుగు రెట్ల సమయం పడుతుంది. అదే లెక్క ఇక్కడా పెట్టండి. అప్పుడు పోరు మధ్యలో ఆరు సెకన్ల రౌండ్‌లో కోడ్ మాటలు కుదరవు, సూటిగా అరవాల్సిందే. ఆ ఒత్తిడి వల్ల గుట్టు బయటపడే సందర్భాలు వాటంతట అవే పుడతాయి.

కోడ్ తయారు చేయడానికి ఎనిమిది పది మాటలు చాలు. మీ సిల్వర్ ఉండేది గ్రంథాలయంలో కాబట్టి అన్నీ పుస్తకాల మాటలే పెట్టండి. అట్ట రంగు అంటే శత్రువు రకం. గడువు దాటడం అంటే ఊళ్ళోనే తిష్ఠ వేయడం. చెదలు అంటే లోపలి మనిషి అమ్ముడుపోవడం. పేజీ నంబరు అంటే ఎన్నో రేవు మెట్టు దగ్గర కలవాలో. "నీలం అట్ట పుస్తకం గడువు దాటింది, పన్నెండో పేజీలో చెదలు" అని ఆవిడ కిటికీలో కూర్చున్న పిల్లికి చెబితే, పక్కనున్నవాళ్ళకి ఒంటరి ముసలావిడ గొణుగుడులా ఉంటుంది. మాటలు పదిహేను దాటితే ఆట నడిపే డీఎమ్మే (డంజన్ మాస్టర్) మర్చిపోతాడు. కోడ్ మూడు సెషన్ల పాటు మార్చకండి. అదే మాట రెండోసారి వినబడినప్పుడే ఆటగాళ్ళు దాన్ని పట్టుకోగలరు.

దూరానికి డీఎం స్క్రీన్ మీద మంచి పట్టిక ఉంది. గొంతు తగ్గించి మాట్లాడితే రెండు ఆరుముఖాల పాచికలు వేసి, మొత్తాన్ని 5తో గుణించినన్ని అడుగులు. మామూలు గొంతైతే 10తో, బాగా పెద్ద చప్పుడైతే 50తో. సగటున 35, 70, 350 అడుగులు వస్తాయి. గ్రంథాలయం హాలు 40 అడుగులు ఉంటే గుసగుస కూడా పదిలో నాలుగు సార్లు అవతలి గోడ దాకా చేరుతుందన్నమాట. చాలామంది డీఎంలు ఇక్కడే గుసగుసని మరీ భద్రంగా లెక్కేస్తారు.

రేవుకీ గ్రంథాలయానికీ మధ్య దూరం ఎక్కువైతే దూరానికి సందేశం పంపే సెండింగ్ మంత్రం కావాలి. డ్రాగన్లకి మంత్రాలు ఇచ్చే ఐచ్ఛిక రూల్ వాడుతుంటే, కరిజ్మా మాడిఫయర్ ఎంతో అన్ని మంత్రాలు, ఒక్కోటి రోజుకొకసారి, ఛాలెంజ్ రేటింగ్‌లో (జీవి ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె) మూడో వంతు లెవెల్ వరకు. అడల్ట్ సిల్వర్ రేటింగ్ 16, కరిజ్మా 21, దాని మాడిఫయర్ +5. అంటే ఐదో లెవెల్ దాకా ఐదు మంత్రాలు. సెండింగ్ మూడో లెవెల్, కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఆ మంత్రశక్తి చేంజ్ షేప్‌లో మిగిలేవాటి జాబితాలో లేదు! రూల్ అక్షరాలా చదివితే మనిషి రూపంలో ఆవిడ సెండింగ్ వేయలేదు. అటక మీదికెళ్ళి డ్రాగన్‌గా మారాలి, వేయాలి, మళ్ళీ మనిషి అవ్వాలి. అటక చిన్నదైతే కప్పు ఎగిరిపోతుంది. అడల్ట్ డ్రాగన్ హ్యూజ్ సైజు జీవి, దానికి పదిహేను అడుగుల చదరం కావాలి.

ఇంతకన్నా సులువు సెండింగ్ స్టోన్స్. జంటగా వస్తాయి. ఒకదాన్ని తాకి యాక్షన్ వాడితే రెండోది మోస్తున్నవారికి ఇరవై ఐదు మాటల సందేశం, వాళ్ళ జవాబూ ఇరవై ఐదు మాటల్లోనే. ఒకసారి వాడాక మళ్ళీ తెల్లవారేదాకా పనిచేయవు. ఒక రాయి పగిలితే రెండోది మామూలు రాయి అయిపోతుంది. మెలిక రూపం మార్చేటప్పుడు ఉంది: ఒంటి మీది సామాను కొత్త రూపంలో కలిసిపోవాలా, పైకి కనబడాలా అన్నది డ్రాగన్ ఇష్టం. కలిసిపోయిన రాయిని తాకడం కుదరదు. కాబట్టి పిల్లి మెడలో పట్టీకి రాయి వేలాడాల్సిందే. ఆటగాళ్ళకి మొదటి ఆధారం అదే అవుతుంది.

ఆట తెలుగులో ఆడుతుంటే ఇరవై ఐదు మాటలు మరీ వదులు. మన ఒక్క క్రియాపదంలోనే సగం వాక్యం ఇమిడిపోతుంది. పదిహేనుకి కుదిస్తే పొదుపుగా మాట్లాడాల్సిన ఇబ్బంది మళ్ళీ వస్తుంది.

జవాబు: తామ్రపత్రం

మూడో డ్రాగన్ గురించి. ఒక డ్రాగన్ మారువేషంలో ఉన్న ఇంకో డ్రాగన్‌ని చూడగానే పసిగడుతుందని రూల్స్‌లో ఎక్కడా లేదు. బ్లైండ్‌సైట్ ఉన్నా కనబడేది మనిషి ఆకారమే. అసలు రూపం చూపించేది ట్రూసైట్. దాన్నిచ్చే ట్రూ సీయింగ్ ఆరో లెవెల్ మంత్రం, ఏడో లెవెల్ పాత్రలకి అంత పై మంత్రాలు అందవు కాబట్టి మీ పార్టీతో ఆ భయం లేదు.

అందుకని పద్ధతి మీరే కట్టాలి. ఇలా చేయొచ్చు. ప్రతి లోహ డ్రాగన్ మారువేషంలోనూ తన మూలకం గుర్తు ఒకటి దాచలేదని పెట్టుకోండి. సిల్వర్ ముట్టుకున్న లోహం కాసేపు చల్లగా ఉంటుంది, బ్రాంజ్ దగ్గర పిడుగు పడ్డాక వచ్చే గాలి వాసన ఉంటుంది. ముప్పై అడుగుల లోపల పాసివ్ పర్సెప్షన్ (పాచిక వేయకుండానే గమనించే స్కోరు) 20 ఉన్నవాళ్ళకే అది తగులుతుంది. అడల్ట్ సిల్వర్‌కి 21, బ్రాంజ్‌కి 22. విజ్‌డమ్, ప్రొఫిషెన్సీ రెండూ మిగులుతాయి కాబట్టి మారువేషంలోనూ అంతే. ఏడో లెవెల్ పార్టీలో 20 దాటేవాళ్ళు అరుదు. డ్రాగన్లకి తెలిసి ఆటగాళ్ళకి తెలియని గీత సరిగ్గా అక్కడ పడుతుంది. అబ్జర్వెంట్ అనే ప్రత్యేక సామర్థ్యం (ఫీట్) తీసుకున్నవాళ్ళుంటే మాత్రం పాసివ్ స్కోరుకి 5 కలుస్తుంది, ముందే చూసుకోండి.

గుర్తు తగిలాక నిర్ధారణ. వచ్చినవాడు ఒక సామెత సగం చెబుతాడు, ఇవతలివాడు మిగతా సగాన్ని తప్పుగా పూర్తి చేయాలి. సరిగ్గా పూర్తి చేస్తే వాడు మామూలు మనిషి. సరైన జవాబు అందరికీ తెలిసినదే కాబట్టి చాటున విన్నవాడికి ఇది పనికొచ్చేలా అనిపించదు.

ఈ సంభాషణ ఎవరు నడపాలన్నది స్టాట్ బ్లాకే (జీవి అంకెల పట్టిక) చెబుతుంది. సిల్వర్‌కి డిసెప్షన్‌లో, ఇన్‌సైట్‌లో ప్రొఫిషెన్సీ లేదు. అబద్ధమాడితే కరిజ్మా నుంచి వచ్చే +5 మాత్రమే, ఎదుటివాడి అబద్ధం పట్టడానికి +1. బ్రాంజ్‌కి ఇన్‌సైట్ +7. కాబట్టి మాట్లాడేది సిల్వర్, పక్కన కూర్చుని మనిషిని అంచనా వేసేది పిల్లి. ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు వచ్చినవాడు రూపం మార్చిన రాక్షసుడైతే మోసపోయే అవకాశం చాలా ఎక్కువ. మంచి సీన్ అవుతుంది, వదులుకోకండి.

మనసుతో మాట్లాడించాలనుకుంటే లోహ డ్రాగన్లకి ఆ శక్తి లేదు. రత్నాల పేర్లున్న జెమ్ డ్రాగన్లకి ఉంది, అడల్ట్ దశలో 120 అడుగుల టెలిపతీ. మూడోది అమెథిస్ట్ అయితే మధ్యవర్తిగా వాడుకోవచ్చు. టెలిపతీ లేనివాళ్ళు జవాబివ్వగలరు కానీ తామై మొదలుపెట్టలేరు. పైగా అమెథిస్ట్ సిల్వర్‌తో మాట్లాడుతూ బ్రాంజ్‌ని పలకరించగానే మొదటి బంధం తెగుతుంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకోవడం కుదరదు.

జవాబు: కొత్తసంచిక

రేపు ఎప్పుడైనా కొత్త రూల్స్‌కి మారితే పైన చెప్పినవాటిలో సగం తలకిందులవుతాయి. 2025లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్‌లో పెద్ద వయసు లోహ డ్రాగన్లు షేప్‌చేంజ్ మంత్రంతో రూపం మారతాయి, జంతువుగానో హ్యూమనాయిడ్‌గానో మాత్రమే, దాన్ని నిలబెట్టడానికి కాన్సన్‌ట్రేషన్ (ఏకాగ్రత) అక్కర్లేదు. ఆ మంత్రంలో మంత్రశక్తి మిగులుతుంది, సంభాషించే శక్తి మిగులుతుంది, జీవి రకం కూడా డ్రాగన్‌గానే ఉంటుంది. మనిషిలా కనబడే ఆవిడ మీద, మనుషుల్ని కదలకుండా చేసే హోల్డ్ పర్సన్ మంత్రం వేస్తే పనిచేయదు. పైగా 2024 రూల్స్‌లో డ్రాకోనిక్ మామూలు భాషల జాబితాలోకి వచ్చేసింది, ఎవరైనా ఆట మొదట్లోనే ఎంచుకోవచ్చు. కామన్ సైన్ లాంగ్వేజ్ కూడా అదే జాబితాలో ఉంది. శబ్దమే లేకుండా చేసే సైలెన్స్ మంత్రం పడ్డ గదిలో ఇద్దరు మనిషి రూపాల డ్రాగన్లకి అంతకన్నా మంచి దారి లేదు. పిల్లి పంజాతో సైగలు చేయిస్తారో లేదో మీ ఇష్టం.

ప్రశ్న అడిగినవారు: పాతగుహ

అందరికీ థాంక్స్. అటక సంగతి నాకు తట్టనే లేదు, కప్పు ఎత్తు పెంచుతున్నాను. ఒకటి మిగిలిపోయింది. రేంజర్ ఖచ్చితంగా రేవులో ఆ పిల్లి మీదే స్పీక్ విత్ యానిమల్స్ వాడతాడు. అప్పుడేం చేయాలి?

జవాబు: ఇరవైముఖాలు

2014 రూల్స్‌లో మిగిలేవాటి జాబితాలో జీవి రకం లేదు కాబట్టి అది ఆ క్షణానికి బీస్ట్ (జంతువు) కిందే లెక్క. మంత్రం పనిచేస్తుంది. కొత్త రూల్స్‌లో అయితే డ్రాగన్‌గానే ఉంటుంది కనుక పనిచేయదు. రేవులో పిల్లులన్నీ కబుర్లు చెబుతుంటే ఇదొక్కటే మియావ్ అంటుంది, రేంజర్‌కి దొరికేది ఆ తేడాయే.

మీ ఆటలో మాత్రం బ్రాంజ్ నటించాలి. దాని డిసెప్షన్ +4 వేసి, రేంజర్ ఇన్‌సైట్‌తో పోల్చండి. రేంజర్ ఓడిపోతే మామూలు పిల్లి జవాబులే: చేపలు, ఎలుకలు, ఎండపడే చోటు. గెలిస్తే నిజం చెప్పేయకండి, పిల్లికి తెలియకూడని ఒక్క సంగతి నోరుజారనివ్వండి. పడవల్ని అంకెలతో లెక్కపెట్టడమో, వారం పేరు చెప్పడమో చాలు. ఐదుకి మించిన తేడాతో గెలిస్తే ఆ మాటలో డ్రాకోనిక్ యాస దొర్లిందని చెప్పండి. రేంజర్‌కి ఆ భాష రాదు కాబట్టి విన్న శబ్దాన్ని మాత్రమే చీటీ మీద రాసి అతనికివ్వండి. దాన్ని పాలడిన్ ముందు పలుకుతాడో లేదో వాళ్ళే తేల్చుకుంటారు.