రిటర్న్‌ను ‘తిరిగివ్వడం’ అనొచ్చా?

ప్రశ్న: హనుమకొండలో తెలుగు మీడియం నుంచి డిగ్రీకి వచ్చిన పిల్లలకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మొదటి పాఠాలు చెబుతున్నాను. ఫంక్షన్ (పేరు పెట్టి రాసుకుని, కావాల్సినప్పుడు పిలిచే కోడ్ ముక్క) దగ్గరికి రాగానే ఆగిపోతున్నారు, ముఖ్యంగా అందులోంచి విలువను బయటికి పంపే రిటర్న్ దగ్గర. ‘తిరిగివ్వడం’ అంటే, ‘మనమిచ్చిందే మళ్లీ మనకిస్తదా సార్?’ అని అడుగుతున్నారు. ఇంకో మాట ఉందా? ఇంటర్ లెక్కల్లో ఫంక్షన్‌ను ‘ప్రమేయం’ అంటారు కదా, ఆ మాట ఇక్కడ వాడొచ్చా?

జవాబు: పిల్లల అనుమానం న్యాయమైనదే సార్. అప్పు తిరిగిస్తాం, పుస్తకం తిరిగిస్తాం. తీసుకున్నదే వెనక్కి పోతుంది. ఫంక్షన్ మనమిచ్చిన దానితో పని చేసి ఫలితం ఇస్తుంది. అందుకే నేను రిటర్న్‌ను ‘ఫలితం ఇవ్వడం’ అంటాను, ప్రింట్‌ను ‘తెర మీద చూపడం’ అంటాను. అసలు చిక్కు ఈ రెంటి మధ్యే ఉంది.

మన భూమి లెక్కతో చెప్పి చూడండి. గుంటకు 121 గజాలు. ‘గజాలు’ అనే ఫంక్షన్ రాయించి, లోపల గుంటలను 121తో గుణించి ప్రింట్ చేయమనండి. 2 ఇస్తే 242, 3 ఇస్తే 363 తెర మీదికి వస్తాయి. పని అయిపోయిందనే అనుకుంటారు. ఇప్పుడు 2తో ఒకసారి, 3తో ఒకసారి ఫంక్షన్‌ను పిలిచే ఆ రెండు కాల్స్‌నూ ప్లస్ పెట్టి కూడమనండి. 242, 363 కనబడతాయి, వెంటనే ఎర్రర్ వస్తుంది. ఫంక్షన్ సంఖ్యను చూపింది, ఇవ్వలేదు. రిటర్న్ రాయకపోతే పైథాన్ దాని బదులు ‘నన్’ అనే ఖాళీ విలువ ఇస్తుంది. రెండు నన్‌లను కూడటం కుదరదు. లోపలి ప్రింట్ తీసేసి రిటర్న్ పెట్టించి, మొత్తాన్ని బయట ప్రింట్ చేయిస్తే 605 వస్తుంది. మీరు బోర్డు మీద రాయొద్దు, వాళ్ల చేతే టైప్ చేయించండి. ఆ ఎర్రర్ వాళ్ల కళ్లతో చూడాలి.

‘ప్రమేయం’ వద్దనే అంటాను. లెక్కల్లో ప్రమేయానికి ఒకే విలువ ఎన్నిసార్లు ఇచ్చినా ఫలితం మారదు. ప్రోగ్రాంలో టైం చెప్పే ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ వేరే జవాబు ఇస్తుంది. ఫంక్షన్‌ను ఫంక్షన్ అనే పిలుద్దాం, రేపు ఇంటర్వ్యూలో అడిగేదీ అదే మాట.

ప్రశ్న అడిగినవారు: గుంటల లెక్క రేపే పెడతాను. ఫంక్షన్ పేరు తెలుగు లిపిలో రాస్తే నడుస్తుందా?

జవాబు: పైథాన్ 3లో నడుస్తుంది సార్. ‘గజాలు’ అని తెలుగులోనే రాయించండి. ఫంక్షన్ రాయడం మొదలుపెట్టే డెఫ్ అనే మాట, రిటర్న్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి.